తప్పిపోని పిల్లలు

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు మాల్ మైకులో ప్రకటన వచ్చింది.

"ఆరేళ్ల బాబు తప్పిపోయాడు. నీలం చారల చొక్కా, నల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ఎవరికైనా కనిపిస్తే దయచేసి..."

ప్రధాన ద్వారం పక్కన, మూడువైపులా తెరలు కట్టిన ఆడవాళ్ల తనిఖీ గదిలో ఉన్న గార్డు తలెత్తి విన్నది. ఎవరిదో బ్యాగు సగం తెరిచి చేతిలో ఉంది. దాన్ని అలాగే ఆ మనిషి చేతిలో కుక్కేసి బయటికి పరుగెత్తింది. పిల్లలు తప్పిపోయారంటే ఆ మాల్‌లో ఒకటే నియమం. పది నిమిషాల పాటు ఐదు గేట్లూ మూసేయాలి. ఏ అంతస్తులో ఏ మూల కూర్చున్న గార్డయినా సరే, కుర్చీ వదిలేసి గేటు దగ్గరికి రావాలి.

పది నిమిషాలు గడిచాయి. నీలం చారల చొక్కా ఎక్కడా కనబడలేదు. పిల్లాడి తల్లి కోసం చూస్తే ఆవిడా కనబడలేదు.

"దొరికుంటాడు. దొరగ్గానే పట్టుకుని వెళ్లిపోయుంటుంది. ఒక్క మాట చెప్పి పోవాలన్న జ్ఞానం ఉండదు జనానికి" అన్నాడు ఈల సార్. ఆయన గార్డులందరికీ సూపర్‌వైజర్. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. భోజనం చేసేటప్పుడు కూడా దాన్ని వీపు వైపు తిప్పుకుంటాడు తప్ప తియ్యడు.

గేట్లు తెరిచారు. అందరూ ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు. తనిఖీ గది గార్డుకు మాత్రం ఆ సాయంత్రమంతా చేతులు ఆడలేదు.

ఆమెను మాల్‌లో అందరూ బ్యాగక్క అంటారు. పన్నెండేళ్లుగా రోజుకు వెయ్యి బ్యాగులు తెరిచి మూస్తోంది. ముఖాలు ఆమెకు గుర్తుండవు. బ్యాగులు గుర్తుంటాయి. "జిప్పు మార్పించారే" అని ముక్కూమొహం తెలియని మనిషిని పలకరిస్తే ఆవిడ ఉలిక్కిపడేది. ఒకసారి మేనేజరమ్మే కొత్త బ్యాగు తెచ్చుకుని లోపలికి వస్తుంటే, మీరెవరని అడిగి ఆపేసిన ఘనత కూడా ఉంది.

గురువారం మళ్లీ అదే. ఈసారి ఐదేళ్ల పాప. ఎర్ర గౌను, తెల్ల మేజోళ్లు, రెండు జడలు, చేతికి ప్లాస్టిక్ గాజు. మళ్లీ పరుగులు, మళ్లీ గేట్లు, మళ్లీ పది నిమిషాలు. మళ్లీ తల్లీ లేదు, పిల్లా లేదు.

ఈల సార్ ముఖం కందగడ్డలా అయింది. గార్డుల్ని ఒక్కచోటికి మళ్లించి ఎవరో దొంగతనం చేస్తున్నారని ఆయనకు గట్టి అనుమానం వచ్చింది. నగల కొట్టు దగ్గర్నుంచి ఐస్‌క్రీమ్ బండి వరకు ఒక్కో కొట్టూ తిరిగి అడిగాడు. ఎవరిదీ ఏమీ పోలేదు. కెమెరాలు చూశాడు. మైకు కౌంటర్ దగ్గర మాస్కు పెట్టుకున్న ఒక ఆడమనిషి వీపు తప్ప ఇంకేమీ దొరకలేదు.

"ఎవరికో పని లేక చేస్తున్న వేళాకోళం. ఇకమీదట నాకు చెప్పకుండా మైకులో పిల్లల మాట ఎత్తితే ఊరుకోను" అని మైకు దగ్గర కూర్చునే అమ్మాయిని గట్టిగా కేకలేశాడు.

"ఏమీ పోలేదా సార్? నిజంగా ఏమీ?" అంది బ్యాగక్క.

"పోలేదంటే సంతోషించక, పోవాలని మొక్కుకున్నావా ఏంటి?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని కూర్చుందే గానీ మనసు మనసులో లేదు. అత్తగారు కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆవిడకు డెబ్భై దాటాయి. మోకాళ్ల నొప్పులు, గుమ్మం దాటదు. కోడలు రోజూ తెచ్చే మాల్ కబుర్లే ఆవిడకు కాలక్షేపం. ఏ కొట్టువాడు ఏ కొట్టమ్మాయి వైపు చూస్తున్నాడో ఈల సార్ కన్నా ఆవిడకే బాగా తెలుసు.

"రెండు ముద్దలు తిని లేస్తావేంటే? ఇటు నించి అటు, అటు నించి ఇటు, కాలు కాలిన పిల్లిలా. నాకు మెడ నొప్పి పుడుతోంది నిన్ను చూడలేక."

"ఏమీ పోలేదు అత్తయ్యా. అదే నాకు మింగుడు పడట్లేదు. ఏదన్నా పోయుంటే నిద్రపోయేదాన్ని."

"ఆ తల్లి ఏడ్చిందా?"

"నేను చూళ్లేదుగా. మైకమ్మాయి చూసింది."

"మరి దాన్ని అడగవే. ఇక్కడ నా గచ్చు అరగదీస్తే ఏమొస్తుంది?"

శుక్రవారం డ్యూటీ ఎక్కకముందే బ్యాగక్క మైకు కౌంటర్ దగ్గరికి వెళ్లింది. మైకమ్మాయి ఇంకా నిన్నటి తిట్లకు మూతి ముడుచుకునే ఉంది.

"ఏడవడం అంటే... ఏమో అక్కా. కంగారు మాత్రం ఉంది. కానీ భలే వివరంగా చెప్పింది. నేను రాసుకునేదాకా ఆగి ఆగి చెప్పింది. ఇదిగో చూడు" అని రెండు చీటీలు తీసి ఇచ్చింది.

బ్యాగక్క చదివింది. చొక్కా, ప్యాంటు, బూట్లు, పుట్టుమచ్చ. గౌను, మేజోళ్లు, జడలు, గాజు. తల నించి కాలి దాకా వరసగా, సంతలో సామాను రాసుకున్నట్టు ఉన్నాయి.

చీటీలు ఇంకోసారి మొదటి నించి చదివింది. పద్దెనిమిదేళ్ల కిందట బస్టాండులో ఆమె నాలుగేళ్ల కూతురు తప్పిపోయింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో పోలీసు, కండక్టరు, టీ కొట్టాయన, అందరూ అడిగింది ఒకటే మాట. ఏం రంగు గౌను? పొద్దున తన చేతులతో తొడిగిన గౌను. వెనక హుక్కు ఊడిపోతే పిన్నీసు పెట్టిన గౌను. రంగు మాత్రం ఎంత కొట్టుకున్నా నోటికి రాలేదు. "మా పాప, మా పాప" అనడం తప్ప ఇంకో మాట రాలేదు. ఒక కూలీ టికెట్ కౌంటర్ వెనక కూర్చోబెట్టి బిస్కెట్టు పెట్టాడు కాబట్టి పిల్ల దక్కింది. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు, వేరే ఊళ్లో ల్యాబులో ఉద్యోగం. అయినా ఇప్పటికీ మైకులో తప్పిపోయిన పిల్ల మాట వినబడితే తల్లి చేతిలో ఉన్నది వదిలేసి పరుగెత్తుతుంది.

"ఇది అబద్ధం. ఈవిడ ఏ పిల్లా తప్పిపోయిన తల్లి కాదు" అంది.

"రెండుసార్లూ ఒకామేనా అక్కా? మొదటిసారి కళ్లద్దాలున్నాయి. రెండోసారి లేవు."

"ముఖం నాకెందుకు? బ్యాగు చెప్పు."

మైకమ్మాయి కళ్లు మూసుకుని ఆలోచించింది. "కాఫీ రంగుది. కౌంటర్ మీదే పెట్టింది రెండుసార్లూ. భుజానికేసుకునే పట్టీ ఎక్కడో తెగితే అతికించినట్టుంది. మధ్యలో చిన్న బకిల్. వాచీ బెల్టుకుంటుందే, అలాంటిది."

బ్యాగక్కకు వెంటనే గుర్తొచ్చింది. నెల రోజుల కిందట ఆ బ్యాగు తన చేతుల్లోకి వచ్చింది. తెగిన పట్టీ రెండు కొసల్నీ వాచీ బెల్టు ముక్కతో, సన్నని కుట్లతో, ఎంత ముచ్చటగా కలిపారో చూసి, "ఎవరు కుట్టారమ్మా? మహా పనితనం" అని అడిగింది కూడా. "మా మామయ్యగారు" అందా మనిషి.

వాచీ బెల్టుతో బ్యాగు అతికే మామగారు ఎవరుంటారు?

మధ్యాహ్నం భోజనం విరామంలో తినడం మానేసి మూడో అంతస్తుకు వెళ్లింది. అక్కడ ఒక పక్క ఫర్నిచర్ కొట్లు. రెండో పక్క మూలంతా ప్లైవుడ్ చెక్కలు కొట్టి మూసేశారు. సోమవారం నుంచి లోపలున్న చిన్న కొట్లన్నీ పగలగొట్టి పిల్లలు ఆడుకునే చోటు కడతారట. పని కోసం అక్కడి కెమెరాలు తీసేశారు. చెక్కల పక్కన స్టూలు వేసుకుని ఒక గార్డు కాపలా. ఆ మూలలోనే పదిహేనేళ్లపాటు వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆయన్ని అందరూ వాచీ మావయ్య అనేవాళ్లు. చెవులు సరిగా వినబడవు, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. గడియారం నడుస్తోందో లేదో వేలు ఆనించి చెప్పేవాడు. కంటి ఆపరేషనుకని వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు.

"ఒక్క నిమిషం లోపల చూసొస్తా" అని స్టూలు మీది గార్డును బతిమాలి చెక్కల వెంట నడిచింది. మూడో చెక్కకు కింద రెండు మరలు కొత్తగా మెరుస్తున్నాయి. మిగతా మరల మీద దుమ్ముంది, వాటి మీద లేదు. గోటితో తిప్పితే తిరిగాయి. చెక్క పక్కకు జరిపి వంగి లోపలికి దూరింది.

కొట్టు అలాగే ఉంది. బల్ల మీద వేలు మందాన దుమ్ము. గోడకు వరసలు వరసలుగా చిన్న కొక్కేలు. ఒక్కో కొక్కేనికి దారంతో ఒక వాచీ, దానికో కాగితం ముక్క, దాని మీద పేరూ వీధీ. పై రెండు వరసల్లో మాత్రం కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. కాగితం ముక్కలూ లేవు. మిగిలినవి లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

ఏమీ పోలేదని ఈల సార్ అన్నది నిజమే. మూసేసిన కొట్టును ఆయన అడగలేదు. అడగడానికి అక్కడ ఎవరున్నారు గనక?

కిందికి వచ్చాక మనశ్శాంతి దొరుకుతుందనుకుంది. ఉన్నది కూడా పోయింది. ఈల సార్ చెవిన వేస్తే ఆయన మరుక్షణం పోలీసులకు ఫోను చేస్తాడు. పన్నెండేళ్లు రోజూ పలకరించిన ముసలాయన్ని జీపు ఎక్కిస్తారు. చెప్పకపోతే రేపో ఎల్లుండో మళ్లీ మైకులో ఇంకో లేని పిల్ల తప్పిపోతుంది. రెండుసార్లు ఈల సార్ గది దాకా వెళ్లి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చింది. మూడోసారి ఆయనే బయటికొచ్చి "ఏంటి?" అన్నాడు. "టార్చి బ్యాటరీ సార్" అంది. బ్యాటరీ ఇచ్చాడు. టార్చి అసలు ఆమె దగ్గర లేదు.

ఇంట్లో అత్తగారు అంతా విని, "వాడి సొత్తు వాడు తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందే?" అంది.

"వాళ్లు వీళ్లు బాగుచెయ్యమని ఇచ్చినవి అత్తయ్యా."

"మరీ మంచిది. ఎవరివి వాళ్లకిచ్చేస్తాడు."

"అది కాదు అత్తయ్యా! పిల్ల తప్పిపోయిందని అబద్ధం ఆడింది. అది నేను ఓర్చుకోలేను. దొరకనీ, అప్పుడు చెప్తా."

"దొరకనీ. కానీ ముందు ఆ కంచంలోది తిను."

శనివారం మాల్ ఇసకేస్తే రాలనంత జనం. బ్యాగక్క చేతులు బ్యాగుల మీద, కళ్లు వరస మీద. ఎర్రవి, నల్లవి, చెమ్కీలవి, చంకలో పెట్టుకునేవి. ఐదు గంటలకు తెర తొలగింది. కాఫీ రంగు బ్యాగు బల్ల మీదికి వచ్చింది. పట్టీ మధ్యలో వాచీ బకిల్.

బ్యాగక్క బ్యాగు తెరవలేదు. దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

"మామయ్యగారు బాగున్నారా? కన్ను ఎలా ఉంది ఆయనకి?"

ఎదురుగా ముప్పై ఏళ్ల మనిషి. మాస్కు పైన కళ్లు పెద్దవయ్యాయి. పారిపోదామని ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక వరస తోస్తోంది. వరసను పక్క గార్డుకు అప్పగించి, బ్యాగక్క ఆమెను తెర మూలకు లాగింది.

"ఆయన ఎక్కడున్నారు?"

"పైన... ఫర్నిచర్ కొట్టు దగ్గర బెంచీ మీద. అక్కా, దండం పెడతా. పోలీసులకు చెప్పకండి." మాస్కు కిందికి లాగింది. "మామయ్యగారికి కంటి ఆపరేషనయి మూడు వారాలు ఇంట్లో ఉన్నారు. తిరిగొచ్చేసరికి చెక్కలు కొట్టేశారు. లోపల యాభై ఏడు వాచీలు. ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాం. పై ఆఫీసు నించి జవాబు రావాలంటారు. ఆ జవాబు ఎప్పటికీ రాదు. సోమవారం మొత్తం చెత్తలో పోస్తారంట. ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. ఎవరెవరివో పేర్లు చెప్పుకుంటూ గదిలో తిరుగుతున్నారు."

"దానికి పిల్లలు తప్పిపోవాలా?"

"ఆ ఒక్క మాటకే మీరందరూ కదులుతారని ఆయనే ఎప్పుడో చెప్పారు. అలా ఒకసారి జరిగితే మూడో అంతస్తులో నరపురుగన్నది లేదని. ఇప్పుడు నేనేం చెబుతున్నానో ఆయనకు తెలీదక్కా. మైకు ఆయనకు వినబడదు. నేను గార్డుతో మాట్లాడి పది నిమిషాలు పక్కకు తీసుకెళ్తున్నాననుకుంటున్నారు."

బ్యాగక్కకు ఒళ్లు మండింది. "నా కూతురు తప్పిపోయింది ఒకసారి. ఆ మాట ఎలాంటిదో నీకు తెలుసా? మంగళవారం మైకులో నువ్వు చెప్పించిన మాట విని ఆ రాత్రి నేను..." అంటూ ఆగిపోయింది. మాట పూర్తి చేస్తే ఏడుపు వచ్చేట్టుంది. ఎదుటి మనిషి అప్పటికే ఏడుస్తోంది. ఇప్పుడు దీన్ని తిట్టాలా, కళ్లు తుడవాలా?

అప్పుడే మైకు కౌంటర్ దగ్గర పెద్దగా కేక వినబడింది.

ఇద్దరూ తెర తీసి చూశారు. జుట్టు ముడి ఊడిపోయిన ఒక ఆడమనిషి కౌంటర్ బల్లను రెండు చేతులతో బాదుతోంది. "మా పాప! పైన సోఫాలు చూస్తున్నాం, ఇప్పుడే ఇక్కడే ఉంది, మూడేళ్లండీ, మా పాప!"

మైకమ్మాయి బిక్కమొహం వేసుకుని ఈల సార్‌కు కబురు పెట్టింది. ఆయన నింపాదిగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వేసుకుందమ్మా మీ పాప?"

"గౌను... కాదు, గౌను పొద్దున వేసుకుంది, పాలు ఒలకబోస్తే మార్చాను... మార్చి... ఏదో వేశాను..."

"రంగు?"

"రంగు..." ఆ తల్లి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

ఈల సార్ మైకమ్మాయి వైపు తిరిగి నవ్వాడు. "చూశావా? మొదటి ఇద్దరూ నయం, సరిగ్గా బట్టీ పట్టి వచ్చారు. ఈవిడకు అబద్ధం చెప్పడం కూడా రాలేదు."

"సార్, నిజం!" బ్యాగక్క జనాన్ని తోసుకుని వచ్చింది. "రంగు చెప్పలేకపోతోంది కాబట్టే నిజం. గేట్లు ముయ్యండి."

"మూడోసారి నన్ను వెర్రివాణ్ణి చేద్దామనా? శనివారం జనం. గేట్లు మూస్తే తొక్కిసలాట."

"ముయ్యండి సార్. అబద్ధమైతే నా ఉద్యోగం తీసెయ్యండి."

ఆయన ఇంకా ఆలోచిస్తూ ఉండగానే ఆమె నడుముకున్న వాకీటాకీ తీసి నోటి దగ్గర పెట్టుకుంది. "అన్ని గేట్లూ మూసెయ్యండి. మూడేళ్ల పాప. అందరూ కిందికి రండి. మూడో అంతస్తు, నువ్వు కూడా."

షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్న చప్పుడు. ఈల సార్ పళ్లు కొరికాడు గానీ, ఆ తల్లి ముఖం ఇంకోసారి చూశాక ఈల నోట్లో పెట్టుకుని జనాన్ని గేట్ల నించి వెనక్కి జరపడం మొదలుపెట్టాడు. కాఫీ రంగు బ్యాగు మనిషి ఎవరూ చెప్పకుండానే బట్టల కొట్ల వైపు పరుగెత్తి, ట్రయల్ గదుల తెరలు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తోంది.

మూడో అంతస్తులో వాచీ మావయ్య బెంచీ మీద నించి చూస్తున్నాడు. స్టూలు మీది గార్డు లేచి కిందికి పరుగెత్తాడు. కోడలు మాట్లాడిందన్నమాట, అనుకున్నాడు. చెక్కల దగ్గరికి వెళ్లి, జేబులోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్ తీసి మరలు విప్పి లోపలికి దూరాడు. పొడుగు చేతుల చొక్కా పైకి మడిచి, కొక్కేల మీది వాచీలు ఒక్కొక్కటే తీసి మోచేతి దాకా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ చేతికి నాలుగు. కుడి చేతికి మూడోది పెట్టుకుంటుంటే ప్యాంటు ఎవరో లాగినట్లయింది.

కిందికి చూశాడు. మూడేళ్ల పిల్ల. చెక్క సందులోంచి తన వెనకే దూరి వచ్చినట్టుంది. ముక్కు కారుతోంది, నోరు బార్లా తెరిచి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆయనకు వినబడలేదు.

గోడ మీద ఇంకా ఇరవై ఏడు వాచీలున్నాయి. ఆయన వాటి వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. వంగి పిల్లను ఎత్తుకున్నాడు. నడుస్తున్న వాచీ ఏదో వేలితో తడిమి చూసి, ఆ చేతిని పిల్ల చెవికి ఆనించాడు. పిల్ల ఏడుపు ఆపి ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. చొక్కా చేతులు దించుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, కదులుతున్న ఎస్కలేటర్ మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ ఆయన కిందికి వచ్చాడు.

కింది అంతస్తు మొత్తం తలెత్తి చూసింది. తల్లి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎస్కలేటర్ దిగకముందే పిల్లను లాక్కుంది. పిల్లకు పసుప్పచ్చ ప్యాంటు, దాని మీద బాతుల బొమ్మలు. తల్లి పిల్లను వాసన చూస్తూ, ముద్దులు పెడుతూ నేల మీద కూలబడిపోయింది.

ఈల సార్ కళ్లు మాత్రం ముసలాయన చేతుల మీద ఉన్నాయి. "ఈ వాచీలేంటి? ఏ కొట్టులోవి ఇవి?"

వాచీ మావయ్య అప్పుడు చూసుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకోబోయి మానేశాడు. "నా కొట్టులోవే" అన్నాడు మెల్లగా.

ఈల సార్ ఫోను తీశాడు. అప్పుడు కోడలు వచ్చి మామగారి ముందు నిలబడింది. "మంగళవారం, గురువారం వచ్చింది నేను. పిల్లలు తప్పిపోయారని చెప్పింది నేను. ఆయనకేం తెలీదు" అని, ఆయనకు వినబడేటట్టు, అంటే మాల్ అంతటికీ వినబడేటట్టు, గట్టిగా చెప్పింది.

ముసలాయన ముఖం నల్లబడిపోయింది. ఎదురుగా నేల మీద తల్లి ఇంకా పిల్లను వదలకుండా కూర్చుని ఉంది. ఆయన ఆమెను చూశాడు, కోడల్ని చూశాడు. "ఇలాంటి మాటా చెప్పావు?" అన్నాడు.

మేనేజరమ్మ గదిలో గంటసేపు మాటలు నడిచాయి. బ్యాగక్క చెక్కల సంగతి, మరల సంగతి, నాలుగు ఉత్తరాల సంగతి దాచకుండా చెప్పింది. శుక్రవారమే తనకు తెలుసని కూడా చెప్పింది. ఉత్తరాలన్న మాటకు మేనేజరమ్మ సొరుగు తెరిచి చూసింది. నాలుగూ అక్కడే ఉన్నాయి. కవర్లు కూడా చింపలేదు. ఆవిడ గొంతు కాస్త తగ్గింది. పాప తల్లి బయటికి వెళ్లనంటే వెళ్లనని తలుపు దగ్గరే నిలబడింది. "ఆయన్ని పోలీసులకిస్తే నేనూ వాళ్లతోపాటే పోతా" అంది. పోలీసుల మాట అక్కడితో ఆగింది.

ఆదివారం పొద్దున మాల్ తెరవకముందు గంట టైమిచ్చారు. బ్యాగక్క ఆయన పక్కన నిలబడింది. వాచీ మావయ్య కొక్కేల మీదివన్నీ, కంటికి పెట్టుకునే భూతద్దం, పనిముట్ల డబ్బా ఒక గుడ్డలో మూటకట్టుకున్నాడు. కోడలికి ఏడాది దాకా మాల్‌లోకి రావొద్దని కాగితం ఇచ్చారు. బ్యాగక్కకూ ఒక కాగితం వచ్చింది.

"నువ్వు గేట్లు మూయించావు కాబట్టి పిల్ల దొరికింది. రాశాను. నాకు చెప్పకుండా దాచావు. అదీ రాశాను. రెండూ ఒకే కాగితం మీద రాశాను" అన్నాడు ఈల సార్. రెండు నెలలు నేలమాళిగలో కార్ల దగ్గర డ్యూటీ వేశాడు. అక్కడ పొగ తప్ప బ్యాగులుండవు.

ఆ తరవాతి బుధవారం ఆమెకు సెలవు. పొద్దున్నే వాచీ మావయ్య ఆమె ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు. కోడలు నాలుగడుగుల వెనక నిలబడింది. ఇళ్లు తిరిగి వాచీలు ఇచ్చొస్తున్నారట.

"నువ్వూ రా అమ్మా. ఈ పిల్లతో నేను మాట్లాడట్లేదు. దారి అడగాలంటే ఇబ్బందిగా ఉంది."

అత్తగారు లోపల్నించి, "పోవే, పో. నువ్వు ఇంట్లో ఉంటే నాకు విశ్రాంతి ఉండదు" అంది.

ముగ్గురూ బయల్దేరారు. ఆయన "ఎడమకు తిరగమని చెప్పు" అంటాడు. కోడలు "బస్సు అయితే తొందరగా పోతామని చెప్పండక్కా" అంటుంది. మధ్యలో బ్యాగక్క ఇటోసారి, అటోసారి తల తిప్పుతోంది. కొన్ని ఇళ్లలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఒక ముసలావిడ వాచీని గుండెకు హత్తుకుని లోపలికి వెళ్లిపోయి, మళ్లీ బయటికే రాలేదు.

మధ్యాహ్నం ఒక మూడంతస్తుల ఇంటి పై వాటాలో తలుపు తట్టారు. బనీనుతో ఉన్న మనిషి వచ్చి కాగితం ముక్క మీది పేరు చదువుకున్నాడు.

"ఇది ఇంకా ఉందా? నేను మర్చేపోయాను. కొత్తది కొనేశాగా. మీరే ఉంచేసుకోండి తాతా."

వాచీ మావయ్య చాచిన చెయ్యి అలాగే ఉంది. వినబడలేదేమో అనుకుని బ్యాగక్క చెప్పబోయింది. ఆయనకు అర్థమైంది.

కోడలు ఆగలేకపోయింది. "ఎంత తేలిగ్గా అన్నారండీ! దీనికోసం ఈయన ఎన్ని రోజులు అన్నం మానేశారో మీకు తెలుసా? నేను ఎంతమంది ముందు తల దించుకున్నానో..."

"పదమ్మా" అన్నాడు ముసలాయన. బ్యాగక్కతో కాదు. కోడలి వైపు తిరిగే అన్నాడు. వాచీని ఆ మనిషి గుమ్మంలో చెప్పుల స్టాండు మీద పెట్టాడు. "రెండేళ్లకోసారి బ్యాటరీ మార్పించండి" అని అతనికి చెప్పి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

వీధిలోకి వచ్చాక కోడలు కళ్లు తుడుచుకుని, తరవాతి కాగితం ముక్క తీసి ఆయనకు చూపించింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చదివాడు.

"రైలు గేటు అవతల. చాలా దూరం. నడవగలవా?" అని అడిగాడు ఆమెను.

"నడుస్తాను మామయ్యగారూ."

బ్యాగక్క అప్పటికే నాలుగడుగులు ముందుంది.